ఆవిరి ఇంజనుకు శాలువా

ఏ వస్తువుకైనా గండం రెండు విధాలుగా వస్తుంది. పాడైపోవడం ఒకటి, పెద్దల కంట్లో పడడం రెండోది. గౌరునాయుడి ఆవిరి ఇంజను మొదటి గండాన్ని ఎన్నిసార్లు దాటిందో లెక్కలేదు. రెండోది దాటేసరికి మాత్రం దానికీ, దాని యజమానికీ తలప్రాణం తోకకొచ్చింది.

శారదా నది ఒడ్డున, చెరుకు తోటల మధ్య, గౌరునాయుడికి ఒక బెల్లం గానుగ ఉంది. చుట్టుపక్కల గానుగలన్నీ కరెంటు మోటార్లకు మారిపోయి ఎన్నాళ్లో అయింది. ఈయనది మాత్రం ఇంకా ఆవిరితోనే ఆడుతోంది. చెరుకు పిండగా మిగిలిన పిప్పిని ఎండబెట్టి బాయిలరు కింద వేస్తే నీళ్లు మరిగి, ఆవిరి పుట్టి, ఇంజను తిరిగి, మళ్లీ చెరుకునే పిండుతుంది. తన తిండి తానే సంపాదించుకునే యంత్రమని గౌరునాయుడు దాన్ని కొడుకులకు ఆదర్శంగా చూపిస్తుండేవాడు. కొడుకులు ఆ మాట వినకుండా పొలానికి వెళ్లిపోయేవారు.

ఆ ఇంజనును గౌరునాయుడి తండ్రి ఎక్కడో మూతబడ్డ మిల్లులో పాతసామాను కింద కొన్నాడు. అది ఎప్పుడు పుట్టిందో ఎవరికీ తెలియదు. తెలియకపోవడం గౌరునాయుడికి మహా వెసులుబాటు. అడిగినవాడి మొహం చూసి వయసు చెప్పేవాడు. ఎరువుల కొట్టు షావుకారుకు అరవై, పెళ్లి సంబంధానికి వచ్చినవాళ్లకు ఎనభై. ఎదురుగా బావమరిది వెంకునాయుడు ఉంటే వందకు తగ్గేది కాదు.

దానికి కారణం ఉంది. వెంకునాయుడికి నదికి అవతలి ఊళ్లో నువ్వుల నూనె తీసే చెక్క గానుగ ఉంది. అది తాతముత్తాతల నాటిదని వాడి ఘనత. బావా బావమరుదులు పక్కపక్కన కూర్చుని భోంచేసినప్పుడల్లా ఒకరి యంత్రం ఇంకొకరి యంత్రం కన్నా ముసలిదైపోయేది. మామిడికాయ పప్పు వడ్డించేలోగా రెండూ కలిసి మూడు తరాలు వెనక్కి వెళ్లేవి. గౌరునాయుడి భార్య నూకరత్నం ఒక పక్క మొగుడికీ, ఒక పక్క తమ్ముడికీ వడ్డిస్తూ, "తినీసి మరీ సావండర్రా," అనేది.

అలాంటి రోజుల్లో ఒక పెద్ద అధికారి పై దేశాలు తిరిగివచ్చాడు. అక్కడ పాత ఆవిరి యంత్రాలను మైదానంలో పెట్టి, జనం టిక్కెట్లు కొనుక్కుని చూడడం ఆయన కళ్లారా చూశాడట. "మనకు లేవా పాత యంత్రాలు?" అని విమానం దిగుతూనే అడిగాడు. వెంటనే కార్యాలయాలన్నీ వెతికించారు. పాతవి చాలానే దొరికాయి గానీ, వాటిలో ఎక్కువభాగం ఇంకా జీతాలు తీసుకుంటున్నాయి. దాంతో ఊళ్ల మీద పడ్డారు. ప్రాచీన యంత్ర వారసత్వ పరిరక్షణ మండలి అనే పేరుతో ఒక సంస్థ పుట్టింది. దానికి పరాంకుశం గారు సభ్య కార్యదర్శి అయ్యారు. పట్నంలో ప్రదర్శన అనీ, అన్నిటికన్నా పాత యంత్రానికి ప్రథమ బహుమతి అనీ ఊరూరా మైకు కట్టుకుని ఆటో తిరిగింది.

అది మాఘమాసం. చెరుకు ముదిరి, నరుకుడు మొదలై, కోసిన గడలు గానుగ దగ్గర గుట్టలుగా పడి ఉన్నాయి. కోసిన చెరుకు అలా ఉంటే రసం ఇంకిపోతుంది, ఉన్న రసం పులుస్తుంది, బెల్లం నల్లబడుతుంది. ఆ సంగతి గౌరునాయుడికి ఒకరు చెప్పాలా? అయినా వెంకునాయుడు చెక్క గానుగను బండెక్కించాడన్న కబురు చెవిన పడగానే ఆయనకు చెరుకు కనబడడం మానేసింది.

"ఏటయ్యా, మతుండే ఎల్తన్నావా? కోసిన సెరుకు అలగ ఒగ్గీసి సంబరానికెల్తావా?" అంది నూకరత్నం.

"రెండ్రోజులే రత్నం. ఇలగెల్లి అలగొచ్చీడమే. ఆ ఎంకుగాడి కర్రముక్కకి శాలువా కప్పీసినాక నాను బతికుండి ఏటి లాభం?"

"నా తమ్ముడికి శాలువా కప్పితే నీకెందుకయ్యా కుళ్లు?" అని అడగవలసిన ఇల్లాలు ఆ మాట అడగకుండా, నిప్పు లోపలికి పెట్టి కాల్చే అడ్డచుట్టను నోట్లో తిప్పుకుని, తలకొట్టుకుంది. ఇంజనును ట్రాక్టరుకు తగిలించి, పిప్పి కట్టలు వెనకాల వేసుకుని గౌరునాయుడు పట్నం వెళ్లాడు.

మైదానం చూసేసరికి ఆయనకు ముచ్చటేసింది. తాళ్లు కట్టి, తాళ్ల లోపల యంత్రాలు నిలబెట్టారు. రోడ్డు రోలరు, దారం వడికే రాట్నాలు, వడ్లు దంచే మెషిన్లు, మగ్గాలు, ఎద్దుబండ్లు, పిండి మరలు. ప్రతిదాని ముందూ "ముట్టరాదు" అని బోర్డు. అన్నీ చప్పుడు లేకుండా ఉన్నాయి. రోడ్డు రోలరు దగ్గర మాత్రం ఢక్ ఢక్ అని చప్పుడు వస్తుంటే గౌరునాయుడు ఆశగా వంగి చూశాడు. చప్పుడు స్పీకరులోంచి వస్తోంది. పొగగొట్టంలోంచి ఆవిరి కూడా వస్తోంది. అది వెనకాల ఉన్న ఇడ్లీ దుకాణంలోంచి గొట్టం ద్వారా వస్తోంది. ఇడ్లీ వాయి దించినప్పుడల్లా రోలరు కాసేపు ఊపిరి బిగబట్టేది.

ఇలాంటి చోట గౌరునాయుడు తన ఇంజనును ఒక మూల నిలబెట్టి, పిప్పి వేసి, నిప్పు పెట్టాడు. నీళ్లు మరిగాయి. చక్రం కదిలింది. ఒక్కసారి తాడు లాగి కూత వేయించేసరికి మైదానంలో ఉన్న జనమంతా రోలరును వదిలేసి ఇటు పరుగెత్తుకొచ్చారు. వెనకాలే మండలి సభ్యులూ వచ్చారు. అందరికన్నా ముందు పరాంకుశం గారు. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో మైకు, మొహంలో ఆశ్చర్యం.

"ఇది... ఇది పనిచేయుచున్నదా?" అని అడిగారు.

"పంజెయ్యకపోతే మరేటికండి?" అన్నాడు గౌరునాయుడు.

పరాంకుశం గారు మైకు అందుకుని, చూసింది చూసినట్టు జనానికి వర్ణించారు. "నిప్పులు కక్కుచు, ఆవిరి చిమ్ముచు, మసి పూసుకొన్న చోదకునితో సహా లభించిన ఈ అపురూప ఆవిరి యంత్రము..." అంటూ గుక్క తిప్పుకోకుండా చెప్పారు. ఆయన చెప్పింది రికార్డు చేసి, ఆ రోజంతా వేస్తూనే ఉన్నారు.

మధ్యాహ్నం న్యాయనిర్ణయం జరిగింది. ముందు వెంకునాయుడి వంతు. గానుగ రోకలి మీద చెయ్యేసి, బావ వైపు ఓరగా చూసి, "నూటపదేళ్లండి," అన్నాడు.

"తమరి యంత్రము?" అని పరాంకుశం గారు ఇటు తిరిగారు.

గౌరునాయుడు తొంభై చెబుదామనే బయల్దేరాడు. నాలుక బావమరిది మొహం చూసింది. "నూటముప్పయ్," అంది.

"ఆధారము?"

"నా నోరేనండి."

"మౌఖిక చరిత్ర!" అని పరాంకుశం గారు సభ్యుల వైపు తిరిగి తల పంకించారు. "సర్వోన్నతమైన ఆధారము. కాగితములు చిరుగును. నోరు చిరుగదు."

ప్రథమ బహుమతి గౌరునాయుడి ఇంజనుకు, ద్వితీయ బహుమతి వెంకునాయుడి గానుగకు. కొబ్బరికాయ కొట్టి, శాలువా కప్పారు. శాలువా మనిషికి కాదు, ఇంజనుకు. దానికి కప్పేసరికి కాస్త కాలింది, అయినా చప్పట్లు మోగాయి. గౌరునాయుడు మీసం మీద చెయ్యేసి బావమరిది వైపు ఒక చూపు చూశాడు. ఆ చూపు కోసం ఆయన చెరుకంతా ఎండబెట్టుకున్నాడు, పాపం.

"ఇక నిప్పు ఆర్పుడు," అన్నారు పరాంకుశం గారు.

"ఆర్పుతానండి. ట్రాక్టరు తగిలించీసి, సీకటడకముందే ఊరెల్లిపోతాను."

"ఎవరు వెళ్లుదురు? డెబ్బది అయిదు సంవత్సరములు దాటిన యంత్రము వారసత్వ సంపద. వారసత్వ సంపదను నడుపరాదు, కదుపరాదు, తుడువరాదు, నూనె వేయరాదు."

గౌరునాయుడు నవ్వాడు. ఆయన నవ్వుతుండగానే ఇద్దరు మనుషులు వచ్చి నిప్పు మీద నీళ్లు కుమ్మరించారు. ఇంకొకడు చక్రానికి గొలుసు వేసి తాళం పెట్టాడు. అప్పుడు నవ్వు ఆగింది.

"బాబూ, బాబూ, అదేటండి! నడపకపోతే ఇంజనెందుకండి?"

"నడుపుట వలన అరుగును. అరుగుట వలన నశించును. నశించినచో భావితరములు ఏమి చూచును?"

"బావితరాల సంగతి దేముడెరుగు. నా సెరుకు కోసీసుందండి. అది ఎండిపోద్దండి."

"నాయుడు గారూ, చెరుకు ప్రతి సంవత్సరము పండును. నూటముప్పది సంవత్సరముల యంత్రము ప్రతి సంవత్సరము పుట్టునా?" అని పరాంకుశం గారు ఎంతో జాలిగా అడిగారు.

ఇక దాచి లాభం లేదనుకున్నాడు గౌరునాయుడు. బావమరిది వింటున్నాడన్న సిగ్గును కూడా దిగమింగి, గొంతు తగ్గించి, "అదేటంటేనండి... అంత వొయసు నేదండి దానికి. నాను కూసింత ఎక్కువ సెప్పినాను. పరువు కోసమండి," అన్నాడు.

"అనగా?"

"మా అయ్య ఎక్కడో పాత మిల్లులో కొన్నాడండి. అంతకుముందు సంగతి నాకేటీ తెల్దు. అరవయ్యో, డబ్బయ్యో."

పరాంకుశం గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "మౌఖిక చరిత్రను ఒక్క పర్యాయమే చెప్పవలెను. రెండవ పర్యాయము చెప్పినచో అది వదంతి యగును. అదిగాక, వయసు పెరుగుట ప్రకృతి. తగ్గుట ప్రకృతి విరుద్ధము. మండలి ప్రకృతికి వ్యతిరేకముగా పోజాలదు."

"పోనీ మా బావమరిదిని అడగండి. ఆడికి తెలుసు, నాను అబద్దమాడినానని."

అందరూ వెంకునాయుడి వైపు చూశారు. ఎన్ని భోజనాల కసి దాచుకున్నాడో, వెంకునాయుడు చేతులు కట్టుకుని వినయంగా నిలబడి, "మా బావ అబద్దమాడడండి," అన్నాడు.

ఆ సాయంత్రం గౌరునాయుడు ఒంటరిగా ఊరు వెళ్దామని బయల్దేరితే గేటు దగ్గర ఆపేశారు. బహుమతి పొందిన యంత్రాన్ని మైకులో వర్ణించినప్పుడు చెప్పిన మాటల్లో "మసి పూసుకొన్న చోదకునితో సహా" అని ఉంది కాబట్టి, చోదకుడు యంత్రంలో అంతర్భాగం. అంతర్భాగాన్ని వేరుచేయడం వారసత్వ భంగం. ఇంజను పక్కన ఒక కుర్చీ వేసి, కుర్చీ చుట్టూ తాడు కట్టి, గౌరునాయుడిని అందులో కూర్చోబెట్టారు. ముందు బోర్డు పెట్టారు, ముట్టరాదని. చేతులు కడుక్కుంటానంటే వద్దన్నారు. మసి కూడా వారసత్వమేనట.

నిజం చెప్పాలంటే, మర్నాడు పొద్దున్న ఒక గంటసేపు గౌరునాయుడికి అది బాగానే ఉంది. జనం ఫోటోలు తీసుకున్నారు. ఒకావిడ తన మొగుడికి చూపించి, "ఎంత బాగా చేశారో, అచ్చం మనిషిలాగే ఉంది," అంది. ఆ తర్వాత చెరుకు గుర్తొచ్చింది. మధ్యాహ్నం ఎండ చురుక్కుమనేసరికి, ఇదే ఎండ తన గడల మీద కూడా పడుతోందని తోచింది. కూర్చున్నచోటే కళ్లనీళ్లు కారాయి. మసి చారలు పడింది. కాపలావాడు పరుగున వెళ్లి, వారసత్వం కారిపోతోందని ఫిర్యాదు చేశాడు.

మొగుడు వస్తానన్న రోజుకు రాకపోయేసరికి నూకరత్నమే వచ్చింది. చేతిలో చోడి పిండితో కాచిన అంబలి కేరేజీ, నోట్లో అడ్డచుట్ట. తాళ్లూ బోర్డులూ దాటుకుంటూ వచ్చి, కుర్చీలో ఉన్నది తన మొగుడేనని పోల్చుకుని, భుజం మీద చెయ్యి వేయబోయింది.

"అమ్మా, ముట్టకూడదు," అన్నాడు కాపలావాడు.

"ఏటీ?"

"బోర్డు చూడండి. ముట్టకూడదు."

"పెల్లయినకాడ్నించీ ముడుతున్నాను నాయనా, ఇన్నాల్లూ ఎవుడూ అడగనేదు," అని నూకరత్నం తాడు కిందనుంచి దూరి, మొగుడి చేతిలో అంబలి గిన్నె పెట్టింది. "ఏటయ్యా ఇది? సెరుకు పైపైనంతా ఎండిపోనాది. ఇంకో వారం పోతే పొయ్యిలోకి తప్ప దేనికీ పనికిరాదు. నువ్విక్కడ బొమ్మలాగ కూకున్నావు?"

గౌరునాయుడు జరిగిందంతా చెప్పాడు. ఎక్కువ చెప్పిన వయసు దగ్గరకు వచ్చేసరికి నేల చూపులు చూశాడు. నూకరత్నం తిట్టలేదు. ఆమె తిట్టకపోవడం ఆయనను ఇంకా భయపెట్టింది. పైన స్పీకరులో పరాంకుశం గారి గొంతు మోగుతూనే ఉంది. ఆమె చుట్ట తీసి చేత్తో పట్టుకుని, ఆ మాటలు మొదటినుంచి చివరిదాకా విని, తిన్నగా మండలి టెంటులోకి వెళ్లింది.

"బాబూ, నాకు సదువు నేదు గానీ, ఒక మాట. పాత వస్తువు దొరికితే మీరేటి సేత్తారు?"

"దొరికినది దొరికినట్లే ఉంచుదుము. దానిని లభ్యస్థితి సూత్రమందురు. మా మండలికి అదియే ప్రాణము," అన్నారు పరాంకుశం గారు.

"మరి ఈ ఇంజను మీకు దొరికినప్పుడు ఎలగున్నాది? ఆ డబ్బాలో మీరే కదా అరుత్తన్నారు, నిప్పులు కక్కుతున్నాదని. మరిప్పుడు అందులో నిప్పేది? ఆర్పీసిందెవరు?"

సభ్యులందరూ ఒక్కసారిగా పరాంకుశం గారి వైపు చూశారు. ఆర్పమన్నది ఆయనే. అందరూ విన్నారు. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది.

అత్యవసర సమావేశం జరిగింది. నడిపితే అరుగుతుందన్నది ఒక సూత్రం. దొరికింది దొరికినట్టుంచాలన్నది ఇంకొక సూత్రం. మొదటిది అతిక్రమిస్తే నష్టం యంత్రానికి. రెండోది అతిక్రమిస్తే నష్టం సభ్య కార్యదర్శికి. ఏది పెద్ద సూత్రమో తేల్చడానికి ఆట్టే సేపు పట్టలేదు. నిప్పు మళ్లీ రాజేయాలనీ, ఇక ఎన్నటికీ ఆర్పరాదనీ ఏకగ్రీవంగా తీర్మానించారు.

గొలుసు విప్పారు. గౌరునాయుడు పిప్పి వేశాడు. చక్రం తిరిగింది. నూకరత్నం సంతోషంగా, "సరే బాబూ, మరి ఇంజను ఊరట్టుకెల్లి సెరుకు ఆడిచ్చీసుకుంటాం. నిప్పు ఆరనివ్వం," అంది.

"లభ్యస్థితిలో అది ఈ మైదానములో ఉన్నది," అన్నారు పరాంకుశం గారు.

"పోనీ సెరుకునే ఇక్కడికి తోలుకొత్తాం."

"లభ్యస్థితిలో చెరుకు లేదు. యంత్రము ఊరకే తిరుగుచుండెను. ఊరకే తిరుగవలెను."

నూకరత్నం తన నోటితో తానే పెద్ద గొయ్యి తవ్వినట్టయిందని అర్థమై, మొగుడి కుర్చీ పక్కన నేలమీద చతికిలబడింది. ఆ రోజునుంచి ఇంజను ఊరికే తిరుగుతోంది. గౌరునాయుడు పిప్పి వేస్తున్నాడు. అక్కడ ఊళ్లో చెరుకు ఎండుతోంది. చెరుకు కోసం పుట్టిన ఇంజను చెరుకు లేకుండా తిరుగుతుంటే, దాని చప్పుడు ఆయనకు ఏడుపులా వినబడేది. జనం మాత్రం తెగ మెచ్చుకున్నారు. ఇడ్లీ దుకాణం వాడికి గిరాకీ తగ్గింది.

పిప్పి అయిపోయింది. చెరుకు ఆడకపోతే పిప్పి ఎక్కడినుంచి వస్తుంది? "బాబూ, కట్టెలు కొనండి," అన్నాడు గౌరునాయుడు. కట్టెలు కొనడానికి పద్దు లేదు. పద్దు కోసం పైకి రాశారు. పైనుంచి జవాబు వచ్చేలోగా నిప్పు ఆరకూడదు. ముందు పందిరి గుంజలు వేశారు. తర్వాత సందర్శకుల కుర్చీలు వేశారు. ఆపైన మండలి మళ్లీ సమావేశమై, వారసత్వాన్ని తరగతులుగా విభజించింది. ఉన్నత తరగతి వారసత్వాన్ని కాపాడడానికి నిమ్న తరగతి వారసత్వాన్ని వినియోగించుకోవచ్చు. రాట్నాలు వేశారు. మగ్గాలు వేశారు. ఎద్దుబండ్లు విడగొట్టి వేశారు. ఒక్కొక్కటి పొయ్యిలోకి వెళ్లేముందు పరాంకుశం గారు దానికి నమస్కారం చేసి, ఒక నిమిషం మౌనం పాటించేవారు. మైదానంలో రోజురోజుకూ తాళ్లు ఎక్కువ, యంత్రాలు తక్కువ అవుతూ వచ్చాయి.

ముగింపు ఉత్సవం నాటికి కర్రతో చేసిన వస్తువు ఒక్కటే మిగిలింది. అది వెంకునాయుడి గానుగ. ద్వితీయ బహుమతిది కాబట్టి అది చివరిదాకా నిలిచింది. ఇప్పుడు పొయ్యి నోరు తెరిచి ఉంది, నిప్పు సన్నగిల్లుతోంది. ఇద్దరు మనుషులు గొడ్డళ్లతో గానుగ వైపు నడిచారు.

వెంకునాయుడు బావ కాళ్ల మీద పడ్డాడు. "బావా, నానే తప్పు సేసినాను బావా. ఆ రోజు నిజం సెప్పీసుంటే నీకీ కరమ ఉండకపోను. మా తాత సేతి గానుగ బావా. దాని నూనె రాసే మా అప్పనీ నన్నూ పెంచినాది మా అమ్మ. కొట్టొద్దని సెప్పు బావా."

గౌరునాయుడు గానుగ వైపు చూశాడు. ఇన్నేళ్లూ దాన్ని కర్రముక్క అన్నాడు. అది నున్నగా, నల్లగా, నూనె తాగి మెరుస్తోంది. రెండు ముసలి యంత్రాలు, తిన్నగా పని చేసుకుంటున్నవి, తమ ఇద్దరి పరువుకోసం ఈ గతి పట్టాయని ఆయనకు సిగ్గు వేసింది, కోపమూ వచ్చింది. నూకరత్నం వైపు చూశాడు. ఆమె నోట్లో చుట్ట తియ్యకుండానే తల ఊపింది.

ఆయన లేచి, తన చుట్టూ ఉన్న తాడు దాటాడు. "అంతర్భాగము! అంతర్భాగము కదులుచున్నది!" అని పరాంకుశం గారు అరుస్తుండగానే కూత తాడు లాగి పట్టుకున్నాడు. మైదానం దద్దరిల్లేలా కూత వేసింది ఇంజను. ఉన్న ఆవిరంతా అయిపోయేదాకా వేసింది. తర్వాత పొయ్యిలోని నిప్పులన్నీ పారతో బయటకు లాగి, నీళ్ల బిందె ఎత్తి వాటి మీద కుమ్మరించాడు. చక్రం రెండుసార్లు ఊగి ఆగిపోయింది.

"నానే ఆర్పీసినాను. ఏటి సేత్తారో సేసుకోండి," అన్నాడు గౌరునాయుడు.

మండలి చరిత్రలో అంత ఘోరం ఎన్నడూ జరగలేదు. మండలికి ఉన్న చరిత్ర కూడా కొద్దిరోజులదే అనుకోండి. పరాంకుశం గారు మైకు అందుకుని, నిండు సభలో శిక్ష ప్రకటించారు.

"బుద్ధిపూర్వకముగా వారసత్వ భంగము కావించినందున ఈ యంత్రమునకు ఇచ్చిన గుర్తింపు రద్దు చేయడమైనది. శాలువా స్వాధీనము చేసుకొనవలసినది. సూర్యాస్తమయములోగా ఈ యంత్రమును, దాని చోదకుని మైదానమునుండి బహిష్కరింపవలసినది. ఇకమీదట ఈ యంత్రమును చెరుకు పిండుట వంటి సామాన్యమైన పనులకు తప్ప మరి ఏ ఘనకార్యమునకు వినియోగింపరాదు."

గౌరునాయుడు విన్నదాన్ని నమ్మలేక భార్య వైపు చూశాడు. "ఓలమ్మో, ఎంత శిచ్చేసినారు బాబూ!" అని నూకరత్నం కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకుని సభ్యులు చూపులు తిప్పుకున్నారు. నిమిషాల మీద ఇంజనును ట్రాక్టరుకు తగిలించారు. గుట్ట అడుగున ఉన్న గడల్లో ఇంకా రసం ఉంటుంది, పొద్దుటికి పొయ్యి రాజేస్తే సగం పంటైనా దక్కుతుందని గౌరునాయుడు మనసులోనే లెక్కవేసుకుంటున్నాడు.

ట్రాక్టరు గేటు దాటుతుండగా వెనకనుంచి వెంకునాయుడు పరుగెత్తుకుంటూ వచ్చాడు. భుజాన, ఇంజను మీదనుంచి తీసేసిన ఆ కాలిన శాలువా ఉంది.

"బావా! ఆగు బావా! నీ బహుమానం నా గానుగకిచ్చీసినారు. మొదటి బహుమానమట. మల్లీ తాల్లు కట్టేత్తన్నారు. ఇంకెప్పుడూ కదపకూడదంటన్నారు. ఊల్లో జనం నువ్వులట్టుకుని నా గుమ్మంలో కూకున్నారు. నన్నేటి సెయ్యమంటావు బావా?"

ట్రాక్టరు మీదనుంచి నూకరత్నం ముందుకు వంగింది.

"ఏడవకురా ఎంకూ. నాలుగు కుంచాల నువ్వులట్టుకొచ్చి, ఆల్లందరూ సూత్తుండగా గానుగలో పోసి, ఆడించీ. పని సెయ్యడం కన్నా పెద్ద నేరం ఈల్ల కాడ నేదు. సాయంత్రానికల్లా ఎల్లగొట్టేత్తారు."

వెంకునాయుడు శాలువా తీసి గేటు మీద వేసి, నువ్వులు కొనడానికి బజారు వైపు పరుగెత్తాడు.